కిటికీ కమ్మీలకు పసుపు రంగు

జూన్ 8, ఆదివారం

ఈ రోజు అటక సర్దాను. అక్క పెళ్లయి శ్రీకాకుళం వెళ్లి నెల దాటింది. ఈ రెంటికీ సంబంధం లేదు. అటక సర్దాలని ఎప్పటినుంచో అనుకుంటున్నదే.

నాన్న ఏటా దసరా ముందు ఇంట్లో ఏదో ఒకదానికి రంగు వేసేవాడు. ఓ ఏడు తలుపులకి, ఓ ఏడు వంటింటి గోడకి. మిగిలిన చుక్క కూడా పారేయనిచ్చేవాడు కాదు. "రేపు గోడ మీద గీత పడితే ఇదే రంగు ఎక్కణ్ణుంచి తెస్తావే?" అనేవాడు. ఆయన పోయి పదకొండేళ్లు. ఆ అటక జోలికి అక్కా నేనూ ఎప్పుడూ పోలేదు. పైగా మేం వేయించుకున్నప్పుడు మిగిలినవి కూడా అక్కడికే తోశాం.

రాయిలా గట్టిపడ్డ డిస్టెంపరు, ఇంకా జారుగా ఉన్న డిస్టెంపరు, వంటింట్లో పరిచాక మిగిలిన టైల్సు, కర్టెన్ గుడ్డ, కర్రల్లా బిగుసుకుపోయిన బ్రష్షులు. వెనక మూలన మూతైనా తియ్యని ఎనామిల్ డబ్బాలు, నాన్న కొన్నవి, ఒకటి పసుపు, ఒకటి ఆకుపచ్చ. పసుపు డబ్బా మూత లేపి చూశాను. పైన మీగడ కట్టినట్టుంది. అది తీస్తే కింద రంగు నిన్న కొన్నట్టుంది. గదంతా నాన్న చేతుల వాసన.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"పాలు వస్తన్నాయేటే, అనూ?"

"వస్తన్నాయి."

"ఒక్కర్తివీ లీటరు పాలు ఏటి సేసుకుంటావు? అరలీటరు సాలని సెప్పీ."

"సెప్పీసినాను."

చెప్పలేదు. సగం తోడేసి, మర్నాడు ఆ పెరుగు పారబోస్తున్నాను. అరలీటరు చాలని ఆ పాలబ్బాయితో అనడానికి నోరు రావటం లేదు.

నేను బాగానే ఉన్నాను. అక్కకి ఈ సంబంధం చేసుకోమని చెప్పిందే నేను. యాభైలో పెళ్లేమిటని అది సిగ్గుపడితే, ధనరాజు గారు మంచివారని, భార్య పోయి ఒంటరిగా ఉన్నారని, నచ్చజెప్పిందీ నేనే.

జూన్ 9

కాలేజీ. ఆఫీసులో అడ్మిషన్ల గోల. తలనొప్పిగా ఉంది, పెయింటు వాసనకి కాబోలు.

జూన్ 11, బుధవారం

పాత డిస్టెంపరు డబ్బాలు చెత్త బండిలో పెట్టబోతే బండి తోసే బుల్లమ్మ వద్దంది.

"నీళ్లలాగున్న రంగు ఎయ్యకండమ్మా, బండంతా ఒలికిపోతాది. ఎండబెట్టీసి ఇయ్యండి."

కాలవలో పోసేద్దామా అనిపించింది. ఆ కాలవ పోయి గెడ్డవాగులో కలుస్తుంది, ఆ గెడ్డలో గేదెలు పడుకుంటాయి. మేడ మీద పాత పాలిథీన్ పరిచి, రంగులో ఇసక కలిపి పల్చగా పోశాను. ఎండకి అప్పడంలా ఎత్తింది. ముక్కలు విరిచి సంచీకెత్తాను. చేసుకుంటే ఇదీ ఒక పనే. పొద్దు పోయింది.

జూన్ 15, ఆదివారం

అంగన్‌వాడీ టీచరు తాయారు వచ్చింది. మా ఎదురు వీధిలోనే వాళ్ల బడి. ఇన్నేళ్లలో మా గుమ్మం ఎక్కింది లేదు. అరుగు మీద పేర్చిన టైల్సూ డబ్బాలూ చూసి ఆగింది.

"ఇవన్నీ ఏటి సేస్తారండీ?"

"ఏమో. మీకేమైనా పనికొస్తాయా?"

"పనికొస్తాయా అంటారేటండీ! మా కిటికీ కమ్మీలు సూడండొకసారి, తుప్పట్టీసి పిల్లల సేతులు గీరుకుపోతన్నాయి. అడిగి అడిగి నోరు పోయింది, ఎవులూ పట్టించుకోరు."

పసుపు డబ్బా ఇచ్చేశాను. టైల్సు కూడా. కర్టెన్ గుడ్డ చూసి, ఉయ్యాలకి బాగుంటుందంది, ఇచ్చాను. ఆకుపచ్చ డబ్బా మాత్రం ఉంచుకున్నాను, మా పెరటి తలుపుకి ఎప్పుడైనా కావాలి కదా.

వచ్చే ఆదివారం అందరం కలిసి వేసేద్దాం, మీరూ రండి అంది. చూస్తానన్నాను.

జూన్ 22, ఆదివారం

వెళ్లాను. పొద్దున్న వెళ్లినదాన్ని దీపాల వేళకి వచ్చాను. ఇంకా చేతులకి పసుపు పోలేదు, కిరసనాయిలుతో తుడిచినా గోళ్ల కింద ఉండిపోయింది.

తాయారు, వాళ్ల ఆయా గున్నమ్మ, పిల్లల తల్లులు రేఖ, నీలవేణి. గున్నమ్మ తుప్పు గీకింది. రేఖ కుళాయి కింద మా టైల్సు పరిపించింది. పరిపించడమంటే వాళ్లాయన పరుస్తుంటే వంకర అని అరుస్తూ నిలబడటం. నేనూ నీలవేణీ ఒకే కిటికీకి, నేను లోపలినుంచి, ఆమె బయటినుంచి. ఆమె బ్రష్షు జారి నా ముక్కు మీద పెద్ద చుక్క పడింది. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఇంత నవ్వి ఎన్నాళ్లయిందో.

"నిజం సెప్పీమంటారా అక్కా? ఇన్నాళ్లూ మీరు పొగరు మనిషనుకున్నాం. ఇద్దరప్పసెల్లెళ్లూ వీధిలోకి సూడకుండా ఎల్లిపోతారు కదా."

"పొగరు కాదమ్మా. మాకు ఇద్దరమే అలవాటు."

"ఇప్పుడేటి? మేం నేమా?"

ఈ మాట రాసుకోవాలనే కూర్చున్నాను. ఇప్పుడేటి, మేం నేమా. మేం లేమా అని.

నీలవేణి కూతురు ఝాన్సీ. ఇంకా మూడేళ్లు నిండలేదు. నా చీర కుచ్చిళ్లు పట్టుకుని తిరిగింది. గిన్నెలో పులిహోర అందరం ఒకేచోట తిన్నాం. కమ్మీలు ఎండలో మెరిసిపోతున్నాయి. నాన్న ఉంటే, చూశావా పారేస్తానన్నావు, అని వెక్కిరించేవాడు.

జూన్ 26

కాలేజీనుంచి వస్తుంటే నీలవేణి పిలిచి నెత్తళ్ల చేపల పులుసు పెట్టింది. అక్క ఫోన్ చేసింది, చూసుకోలేదు. చూసుకోనందుకు కొంచెం సంతోషం వేసింది. నాకూ పనులున్నాయి మరి.

జూన్ 30

పాలబ్బాయికి అరలీటరు చాలని చెప్పాను.

జూలై 5, శనివారం

అంగన్‌వాడీ తలుపుకి పసుపు సరిపోలేదు. ఆకుపచ్చ ఇద్దామంటే నీలం బాగుంటుందంది తాయారు. సరే నేను కొంటానని నాగబాబు హార్డ్‌వేర్ షాపుకి వెళ్లాను. చిన్న డబ్బా చేతికిచ్చాడు. దాని మీద సీసం కలపలేదని రాసి ఉంది.

"ఇదేమిటి నాగబాబూ, ఇదివరకు కలిపేవారా?"

"పాతవాటిలో ఉండేదండి. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, వీటిలో మరీని. ఇప్పుడు రూలొచ్చీసింది కదా, కలపడానికి నేదు. పెద్దోళ్లకి మరంత కాదు గాని, సిన్నపిల్లలున్న సోట ఎయ్యకూడదంటారు."

ఇంటికొచ్చి ఆకుపచ్చ డబ్బా తిప్పి చూశాను. నాన్న కొన్నది. ఏమీ రాసి లేదు. రాసి లేనంత మాత్రాన అందులో ఉందని కాదు.

జూలై 6, ఆదివారం

ఫోన్‌లో చదివాను. చిన్నపిల్లల మెదడుకి అని మొదలుపెట్టారు. సగంలో ఆపేశాను.

పెయింటు పెచ్చులూడి, ఆ పెచ్చులు నోట్లోకి పోతేనే కదా ప్రమాదం. మేం వేసి రెండు వారాలే అయింది, గట్టిగా ఉంది. పిల్లలు కమ్మీలు తింటారా?

జూలై 8

నాన్న ఇలాంటి రంగే మా ఉయ్యాల బల్లకీ వేశాడు. అక్కా నేనూ దాని మీదే పెరిగాం. ఇద్దరం బాగానే ఉన్నాం. నేను డిగ్రీ ఫస్టు క్లాసు.

జూలై 11

చెప్పాలి. సోమవారం చెబుతాను.

జూలై 14, సోమవారం

తాయారు సెలవు. గున్నమ్మ ఉంది గాని, ఇలాంటివి ఆయాతో చెప్పేవి కావు.

జూలై 16

వాన.

జూలై 19, శనివారం

ఝాన్సీ పుట్టినరోజు. నీలవేణి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లినంత పని చేసింది. కేకు కోయించి మొదటి ముక్క పిల్లచేత నా నోట్లో పెట్టించింది. "పెద్దమ్మకి పెట్టు" అంది. పెద్దమ్మ! అందరూ చప్పట్లు కొట్టారు. ఇంకో నాలుగు రోజులాగి చెప్పినా ఒకటే.

అక్క ఫోన్. "మల్లి పూస్తన్నాదా?" "పూస్తన్నాది." "సరే ఉంటాను." ఇంతే. ఈ మధ్య దాని ఫోన్లు ఇలాగే ఉంటున్నాయి. కొత్త సంసారం, కొత్త సంతోషం. నాతో మాట్లాడటానికి ఏముంటుంది.

జూలై 23, బుధవారం

చెప్పాను.

నాలుగింటికి కాలేజీనుంచి వస్తున్నాను. పిల్లల్ని తీసుకెళ్లడానికి తల్లులు గేటు దగ్గర చేరారు. ఝాన్సీ కిటికీ దగ్గర నిలబడి ఉంది, రెండు చేతుల్తో కమ్మీ పట్టుకుని, దానికి నోరు ఆనించి. ముద్దు పెడుతోందనుకున్నాను. దగ్గరికెళ్తే పళ్లతో గీరుతోంది. కింది అడ్డకమ్మీ మీద పసుపు లేచిపోయి ఇనుము కనిపిస్తోంది. ఒక్కచోట కాదు. ఎన్నాళ్లనుంచో చేస్తున్నట్టుంది. పిల్ల పెదవి మీద పసుపు రవ్వ.

నా కొంగుతో తుడిచాను. పక్కన నీలవేణి నవ్వుతోంది. "ఎప్పుడూ అంతే అక్కా, ఆ కమ్మీ అంటే దానికి జీళ్ల ముక్క."

అక్కడే చెప్పేశాను. ఎలా చెప్పానో గుర్తులేదు. పాత పెయింటు, సీసం, పిల్లలకి మంచిది కాదు, గీకేయాలి, ఇలా ముక్కలు ముక్కలుగా. తాయారు బుగ్గలు నొక్కుకుంది. రేఖ తన పిల్లాణ్ణి లాక్కుని కుళాయి దగ్గరికి లగెత్తింది. నీలవేణి మాత్రం కదల్లేదు.

"ఎప్పుడు తెలిసినాది మీకు?"

ఇవాళే అనొచ్చు. ఆ మాట నాలిక మీదిదాకా వచ్చింది. పిల్ల ఇంకా నా కొంగు పట్టుకునే ఉంది.

"ఈ నెల మొదట్లో. తలుపుకి రంగు కొనడానికెళ్లినప్పుడు."

"మరి పుట్టినరోజుకి వచ్చినారు."

"వచ్చాను."

"మా ఇంట్లో కూకుని, మా పిల్ల సేత్తో తిన్నారు. తెలిసే."

ఆమె అరుస్తుందనుకున్నాను, అరవలేదు. పిల్ల వేళ్లు నా చీర నుంచి ఒక్కొక్కటే విడిపించి, ఎత్తుకుని వెళ్లిపోయింది.

జూలై 24, గురువారం

సెలవు పెట్టాను. పెద్దాసుపత్రికి తాయారు ఆటోలో పిల్లల్ని తీసుకెళ్లింది. నేను వెనక వేరే ఆటోలో వెళ్లాను. రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. రక్తం విశాఖ పంపాలి, ఇక్కడ ఆ పరీక్ష లేదు. కంగారు పడొద్దు, పిల్లల చేతులు మాటిమాటికీ కడగండి, పాలూ గుడ్లూ ఆకుకూరలూ పెట్టండి, ముందు ఆ రంగుని పిల్లలకి దూరం చెయ్యండి. పొడిగా గీకొద్దు, కాల్చొద్దు, ఆ ధూళి ఇంకా చెడ్డది. తడిపి గీకాలి.

సూది గుచ్చితే ఝాన్సీ ఏడ్చింది. వరండా చివర నిలబడి విన్నాను.

బడికి తాళం పడింది. పిల్లల్ని గున్నమ్మ వాళ్ల వాకిట్లో కూర్చోబెడుతున్నారు.

జూలై 27, ఆదివారం

తాయారుని తాళంచెవి అడిగాను. "మనుషుల్ని పెట్టిస్తాం లెండి" అంది, మొహం చూడకుండా. మనుషులంటే పొడిగా గీకి ఊడ్చేస్తారు. ఎలా గీకాలో నేను విన్నాను, నేనే చేస్తానన్నాను. తాళంచెవి గున్నమ్మతో పంపింది.

లోపలా బయటా పాలిథీన్ పరిచాను. ముక్కుకి మాస్కు, చేతులకి తొడుగులు. కొంచెం మేర తడపటం, గీకటం, పెచ్చుల్ని తడిగుడ్డతో ఎత్తి ఖాళీ పసుపు డబ్బాలో వెయ్యటం, మళ్లీ తడపటం. అందరం పాటలు పాడుకుంటూ ఒక్క రోజులో వేసిన రంగు. పొద్దు వాలేసరికి ఒక కిటికీ అయింది. భుజం ఎత్తలేకపోతున్నాను.

గున్నమ్మ మాటిమాటికీ బకెట్టుతో నీళ్లు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయింది. మాట లేదు. చివరికి నేనే ఆపాను.

"నీకూ కోపమేనా గున్నమ్మా?"

"ఇచ్చినందుకు నాకేటి కోపం? తెలిసి ఇచ్చినావేటి? తెలిసినాక దాసినావు సూడు, అదే. ఎందుకు దాసినావమ్మా?"

మీరంతా మళ్లీ నాతో మాట్లాడరేమోనని. ఈ మాట గున్నమ్మతో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

అక్క ఫోన్. "పాలు వస్తన్నాయా?" "వస్తన్నాయి." "ఏటే గొంతు అలగున్నాది?" "జలుబు."

జూలై 29

మళ్లీ సెలవు. ప్రిన్సిపాలు గారు అడిగారు, ఇంట్లో సున్నాలని చెప్పాను.

ఆగస్టు 2, శనివారం

ఫలితాలు వచ్చాయని గున్నమ్మ చెప్పింది. మిగతా పిల్లలకి ఫరవాలేదట. ఝాన్సీకి ఉండాల్సినదానికంటే కొంచెం పైన ఉందట. మందులు అక్కర్లేదట, ఇక నోట్లోకి పోకుండా చూస్తే అదే తగ్గుతుందట. దీపావళి అయ్యాక మళ్లీ చూస్తారట.

కొంచెం అంటే ఎంత అని అడిగితే గున్నమ్మకి తెలియదు. నీలవేణి ఇంటిదాకా వెళ్లాను. తలుపు తీసే ఉంది. లోపల పిల్ల నవ్వు వినిపించింది. పిలవలేక తిరిగి వచ్చేశాను.

ఆగస్టు 3, ఆదివారం

అయిపోయింది. ఆఖరి కమ్మీ కూడా ఇనుము తేలింది. నేలంతా తడిగుడ్డతో మూడుసార్లు తుడిచాను. పెచ్చులూ, తుడిచిన గుడ్డలూ, తొడుగులూ, బ్రష్షులూ అన్నీ డబ్బాల్లో పెట్టి మూతలు బిగించి టేపు చుట్టి, పైన పెద్ద అక్షరాల్లో ఏముందో రాశాను. మా ఇంట్లో ఉన్న ఆకుపచ్చ డబ్బా కూడా తెచ్చి వాటితో కలిపాను. పంచాయతీ సెక్రటరీని అంతకుముందే కలిశాను. ఇలాంటివి తీసుకెళ్లే బండి విశాఖ వైపునుంచి వస్తుందట, కబురు పెడతానన్నాడు, అందాకా పంచాయతీ గదిలో తాళం వేసి ఉంచుతానన్నాడు. "చెత్తబండిలో పడేస్తే పోయేదానికి ఇంతెందుకండీ" అని కూడా అన్నాడు. కబురు పెట్టేదాకా వారం వారం వచ్చి అడుగుతానని చెప్పాను. నవ్వాడు. నేను నవ్వలేదు.

తాళంచెవి ఇస్తూ తాయారుతో అన్నాను, కొత్త రంగు నేను తెస్తాను, నేనే వేస్తాను అని.

"వొద్దండి. అది మేం సూసుకుంటాం."

మర్యాదగానే అంది.

ఆగస్టు 10, ఆదివారం

వాళ్లు రంగు వేసుకున్నారు. నీలం.

నేను మేడ మీద బట్టలు ఆరేస్తూ చూశాను. ఆరేయడానికి అన్ని బట్టలు లేవు, అయినా చాలాసేపే పట్టింది. రేఖ వాళ్లాయన మీద అరుస్తోంది. తాయారు ఏదో అంటే అందరూ నవ్వారు. నీలవేణి కిటికీకి బయటివైపు నిలబడి వేస్తోంది. లోపలివైపు ఎవరో ఉన్నారు, కనిపించలేదు. ఓసారి ఆమె తలెత్తి చూసింది. చెయ్యి ఊపలేదు. తల తిప్పుకోనూ లేదు. కాసేపు చూసి మళ్లీ పనిలో పడింది.

కిందకి దిగి వచ్చి కూర్చున్నాను. ఇల్లంతా ఎంత శుభ్రంగా ఉందో. అటక ఖాళీ.

అక్కకి నేనే ఫోన్ చేశాను. అది వెళ్లాక నేనై చెయ్యటం ఇదే మొదలు.

"ఏటే, ఏటైంది?" అంది తియ్యగానే.

మొత్తం చెప్పాను. నాన్న డబ్బాతో మొదలుపెట్టి నీలం రంగు దాకా. మధ్యలో ఏడ్చాను. అది అడ్డు రాలేదు.

"ఇంత జరిగితే నాకెందుకు సెప్పనేదే?"

"నువ్వు సంతోషంగా ఉన్నావు కదా. నీకెందుకులే అని."

లైను పోయిందనుకుని "అక్కా" అన్నాను.

"నేను సంతోషంగా ఉన్నానని నీకెవులు సెప్పినారే?"

ఫోన్ ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"ఆయన మంచోడే. ఒక మాటనడు, ఏటీ అనడు. ఏటీ అనడంతే. పొద్దున్నెల్లి సందేళకొచ్చి టీవీ ఎట్టుకుంటాడు. బీరువాలో ఆవిడ సీరలు అలాగే ఉన్నాయి. నా బట్టలు ఇంకా పెట్టిలోనే ఉన్నాయే, అనూ. తీసీమనడానికి నాకు నోరు రాదు, ఆయనకి తోసదు. నీకు ఫోన్ సేసినప్పుడల్లా సెబుదామనుకుంటాను. ఒక్కర్తివీ బాధపడతావని, పాలొస్తన్నాయా అని అడిగీసి ఫోన్ పెట్టీస్తన్నాను."

"నాకు చాలా ఒంటరిగా ఉన్నాది అక్కా."

"నాకూనే."

ఆ తర్వాత కూడా ఇద్దరం ఫోన్ పెట్టలేదు. వాళ్ల టీవీలో ఎవరో వార్తలు చదువుతున్నారు.

ఆగస్టు 12, మంగళవారం

పెళ్లయ్యాక నేను ఒక్కసారి కూడా శ్రీకాకుళం వెళ్లలేదు. అక్క రమ్మనలేదు కదా అనుకుంటూ వచ్చాను. రమ్మంది. మే నెలలో రెండుసార్లు అడిగింది. కాలేజీలో పని ఉందన్నాను.

శుక్రవారం పదిహేనో తేదీ, సెలవు. శనివారం కూడా సెలవు అడిగాను, ఇచ్చారు. పొద్దున్న మొదటి బస్సుకి విజయనగరం, అక్కడ మారి శ్రీకాకుళం. వస్తున్నానని అక్కకి చెప్పాను. "ఒట్టే?" అంది, చిన్నప్పట్లా.

బీరువా సంగతి బావగారితో నేను మాట్లాడతాను. ఆ చీరలు తీసి ఎవరికివ్వాలో, ఏవి దాచుకుంటారో ఆయన్నే అడుగుతాను. గట్టిగా కాదు, నెమ్మదిగా. అక్క బట్టలు పెట్టెలోంచి తీసి మడత పెట్టడానికి ఒకరు పక్కనుండాలి.

వచ్చాక నీలవేణి ఇంటికి వెళ్లాలి. ఈసారి గుమ్మం దగ్గర పిలుస్తాను. తలుపు తియ్యకపోతే ఇంకోసారి వెళ్తాను.